ఐదు ఓల్టులు, ఇరవై నాలుగు ఓల్టులు

సార్వా (ఖరీఫ్) కోతలు మొదలై వడ్ల లారీలు మిల్లుల ముందు బారులు తీరే రోజుల్లో మండపేట మెకానిక్కులకు ఒకే రకం కబురు తరచు వస్తుంది. దాళ్వా (రబీ) మిల్లింగు అయ్యాక ఆపేసిన మిషను ఇప్పుడు స్విచ్చి వేస్తే లేవడం లేదు. ఆపిన రోజున బాగానే నడిచింది. మోటార్లు బాగున్నాయి, ఫ్యూజులు బాగున్నాయి, కంట్రోలర్ మీద మాత్రం ఒక్క దీపమూ వెలగదు. ప్యానెల్ తలుపు తీసి చూస్తే దోషం ఓ మూలనున్న పవర్ సప్లైది. దాని మీది నంబరు రాసుకుని డీలరుకు ఫోన్ చేస్తే, ఆ మోడల్ రావడం ఎప్పుడో ఆగిపోయిందంటాడు.

అక్కణ్ణించి వెతుకులాట. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, ముంబైలో లామింగ్టన్ రోడ్డు. ఎవరి దగ్గర దొరుకుతుంది, ఎంతకిస్తాడు, పార్సిల్ ఎన్నాళ్ళకు చేరుతుంది అన్న చుట్టూనే మాటలన్నీ తిరుగుతాయి. ఈ వ్యవహారంలో బజారుకు మనం ఇస్తున్న ప్రాధాన్యం ఎక్కువని నా వాదన. తయారీ ఆగిపోయిన పవర్ సప్లైకి బదులు దొరుకుతుందా లేదా అన్నది మిషను కొన్న రోజునే, దాని డిజైనులోనే సగం తేలిపోయి ఉంటుంది. ఆ మాట రుజువు కావాలంటే రెండు పవర్ సప్లైలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒకే కంపెనీ, రెండు ఆలోచనలు

రెండూ సైమెన్స్‌వే. మొదటిది సిమాటిక్ ఎస్5-115యు పీఎల్‌సీలో (మిషను నడిపే ప్రోగ్రామబుల్ కంట్రోలర్‌లో) కూర్చునే పీఎస్ 951. ఎస్5 కుటుంబం 1979లో బయటికొచ్చింది. తర్వాతి పదిహేనేళ్ళలో పేపరు, పంచదార, సిమెంటు, ఎరువుల కర్మాగారాల ప్యానెళ్ళలో దానికి పెద్ద పీట దక్కింది. రెండోది ఆ తర్వాతి తరం. 90ల మధ్యలో వచ్చిన ఎస్7-300 పక్కన ఉండే పీఎస్ 307. లైన్లో వచ్చే 230 ఓల్టుల ఏసీని కంట్రోలర్‌కు పనికొచ్చే డీసీగా మార్చడమే రెంటి పనీ. కంపెనీ ఒకటే, పని ఒకటే. కాబట్టి వీటి మధ్య కనిపించే తేడాను ఫలానా కంపెనీ గొప్పదనం మీదికో, లోపం మీదికో నెట్టలేం. అది పూర్తిగా డిజైను ఆలోచనలో వచ్చిన తేడా.

పీఎస్ 951 ఇచ్చే ముఖ్యమైన ఓల్టేజీ ఐదు. ఎక్కువ సామర్థ్యమున్న మోడళ్ళు పదిహేను ఆంపియర్ల దాకా ఇస్తాయి. ఆ ఐదు ఓల్టులు ర్యాక్ వెనకనున్న బస్సులోకి (మాడ్యూళ్ళను కలిపే తీగల వరసలోకి) నేరుగా వెళ్ళి సీపీయూకూ, కార్డులన్నిటికీ చేరతాయి. దాని బాధ్యత అంతటితో ఆగదు. కరెంటు పోయినప్పుడు సీపీయూ మెమరీని నిలబెట్టే లిథియం బ్యాటరీ కూడా ఈ పవర్ సప్లైలోనే ఉంటుంది. బ్యాటరీ నీరసించిందని చెప్పే దీపమూ దీని ముఖం మీదే. ప్రోగ్రామును ఈప్రామ్ మాడ్యూల్‌లోకి ఎక్కించి ఉంచకుండా ర్యామ్‌లోనే వదిలేసి ఉంటే, మెయిన్ ఆపి ఈ మాడ్యూల్‌ను ఊడదీసిన క్షణంలో ప్రోగ్రాము కూడా పోతుంది. అందుకే ఎస్5 మీద పనిచేసినవాళ్ళు బ్యాటరీని కరెంటు ఉండగానే మారుస్తారు. ఇంటి పనంతా చేస్తూ బీరువా తాళాలు కూడా తన బొడ్డునే దోపుకున్న పెద్దావిడ లాంటిది పీఎస్ 951. ఆవిడ మంచాన పడితే ఆగేది వంట ఒక్కటే కాదు.

పీఎస్ 307 ఇచ్చేది 24 ఓల్టులు. రెండు, ఐదు, పది ఆంపియర్ల మోడళ్ళున్నాయి. ర్యాకుకు ఎడమ చివర, సీపీయూ పక్కనే ఒకే పట్టా మీద ఉంటుంది కాబట్టి ఇదీ ఆ కుటుంబంలోదే అనిపిస్తుంది. కానీ వెనక బస్సుతో దీనికి లంకె లేదు. ప్రోగ్రాములో దీని ఊసు లేకపోయినా నడుస్తుంది. ప్లస్సు, మైనస్సు తీగలు సీపీయూకు వెళతాయి, అంతే. కార్డులకు కావలసిన ఐదు ఓల్టులను సీపీయూ తన కడుపులోనే తయారుచేసుకుంటుంది. బ్యాటరీ ఉన్న పాత సీపీయూల్లో ఆ బ్యాటరీ కూడా సీపీయూలోనే ఉంటుంది. అంటే పీఎస్ 307 పాడైతే, దాని స్థానంలో మంచి 24 ఓల్టుల సప్లై ఎవరు తయారుచేసిందైనా సరే పెట్టుకోవచ్చు. సైమెన్స్ మాన్యువలే అందుకు ఒప్పుకుంటుంది.

ఎంత తేడాను ఓర్చుకుంటుంది?

ఐదుకూ ఇరవై నాలుగుకూ అసలు భేదం అంకెలో లేదు, ఓర్పులో ఉంది. పాత తరం టీటీఎల్ చిప్పులకు 4.75 నుంచి 5.25 ఓల్టుల మధ్య మాత్రమే ఊపిరాడుతుంది. ఇటు పావు ఓల్టు, అటు పావు ఓల్టు. ఎస్7-300 సీపీయూ తన 24 ఓల్టుల టెర్మినల్ దగ్గర 20.4 నుంచి 28.8 దాకా ఏదొచ్చినా పనిచేస్తుంది. ఎనిమిది ఓల్టులకు పైగా వెసులుబాటు.

బదులు సప్లై పెట్టాలనుకున్న మెకానిక్కుకు ఈ వెసులుబాటే ప్రాణం. ఐదు ఓల్టుల సప్లై బయట దొరక్క కాదు. పదిహేను ఆంపియర్ల ఐదు ఓల్టులను ప్యానెల్లో వేరే చోటినుంచి తీగతో లాగితే దారిలోనే 0.2 ఓల్టు పోవచ్చు. పోయింది 0.2 ఓల్టే, కానీ ఉన్న సందు 0.25 మాత్రమే. ఇక మిషను ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు కారణం తెలీకుండా ఆగుతుంది. ఇలాంటి జబ్బు పూర్తిగా చచ్చిన మిషనుకంటే ఎక్కువ నష్టపరుస్తుంది. దీనికి తోడు బ్యాటరీ సంగతి విడిగా చూసుకోవాలి, కనెక్టర్ కుదరదు, ర్యాకులో చోటు కుదరదు. 24 ఓల్టుల తీగలో 0.2 ఓల్టు పోతే ఎవరికీ పట్టదు.

ఈ తేడా ఒక్క సైమెన్స్ ఇంటిది కాదు. రాక్‌వెల్ వారి ఎస్ఎల్‌సీ 500లో 1746-పీ2 సప్లై ఐదు ఓల్టుల దగ్గర ఐదు ఆంపియర్లను నేరుగా ర్యాక్ వెనకకు పంపుతుంది. అదీ పీఎస్ 951 తెగే. ఆ కంపెనీ తన పీఎల్‌సీ-5ను 2017 జూన్‌లో పూర్తిగా ఆపేసినప్పుడు, దాని ర్యాకుల్లో కూర్చునే సప్లైలకూ బయట బదులు లేని పరిస్థితే వచ్చింది.

మండపేట మిల్లుల్లో పెద్ద పీఎల్‌సీ ర్యాకులు తక్కువ. కానీ ఈ రెండు తెగలూ రంగు తేడా గింజలను ఏరే ఇక్కడి కలర్ సార్టర్లలోనే కనిపిస్తాయి. ఒక రకంలో సప్లై అంటే ఆ మిషను కోసమే గీసిన ఓ బోర్డు. కెమెరాకు ఒక ఓల్టేజీ, లాజిక్కుకు ఒకటి, గింజను గాలితో కొట్టే ఎజెక్టర్లకు ఇంకొకటి అన్నీ ఒకే బోర్డు నుంచి బహుపిన్నుల కనెక్టర్లో బయటికొస్తాయి. ఇంకో రకంలో ఒక్కో ఓల్టేజీకి ఒక్కో రేకు పెట్టె సప్లై విడిగా ఉంటుంది. ఆ రేకు పెట్టె ఆగిపోయిన మోడలైనా దిగుల్లేదు. తైవాన్‌కు చెందిన మీన్‌వెల్ పాత ఎస్-350 సంగతే చూడండి. దాని తరవాత వచ్చిన ఎల్ఆర్ఎస్-350ని పక్కన పెడితే పొడవు 215 మిల్లీమీటర్లు, వెడల్పు 115, రెంటికీ అవే. ఎత్తు మాత్రం 50 నుంచి 30కి తగ్గింది. 24 ఓల్టుల మోడల్లో రెండూ ఇచ్చేది 14.6 ఆంపియర్లే. కొత్తది బిగించేటప్పుడు పక్కనున్న చిన్న స్విచ్చి 230 వైపు ఉందో లేదో చూసుకోవాలి. 115 మీద ఉండగా మన కరెంటు ఇస్తే కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది.

మొదటిదాని తరఫున ఒక మాట

ఇంతవరకు చదివితే పీఎస్ 951 మూర్ఖపు డిజైననిపిస్తుంది. అది న్యాయమైన తీర్పు కాదు. ఐదు ఓల్టులు, బ్యాటరీ, హెచ్చరిక దీపం అన్నీ ఒకచోట పెట్టినవాడు ఒక పూర్తి వ్యవస్థకు తానే జవాబుదారీ అనుకున్నాడు. తన సప్లై ఎంత వేడిని తట్టుకుంటుందో, ఎంత లోడు మోస్తుందో తనకు తెలుసు కాబట్టి కొనేవాడు ఆ లెక్కలు చూసుకోనక్కర్లేదు. అలాంటి మాడ్యూళ్ళు ముప్పై ఏళ్ళు పనిచేసిన చోట్లున్నాయంటే ఆ జవాబుదారీతనం ఉత్త మాట కాదు.

తలుపు తీసి ఉంచిన డిజైనులోకి మంచివాడూ వస్తాడు, దొంగా వస్తాడు. 24 ఓల్టులు, 15 ఆంపియర్లు అని చీటీ అంటించుకున్న ప్రతి పెట్టె పదిహేను ఆంపియర్లు ఇవ్వదు. కొన్నిటికి ఆ అంకె చల్లటి గదిలోనే చెల్లుతుంది. చుట్టూ వేడి యాభై డిగ్రీలు దాటితే మోసే లోడు తగ్గించుకోవాలని మంచి కంపెనీలు డేటాషీట్‌లోనే గీత గీసి చూపుతాయి. ఆ గీత మిల్లు ప్యానెల్ దాకా చేరదు. కాబట్టి తెరిచి ఉన్న డిజైను ఇచ్చే స్వేచ్ఛకు కొనేవాడు ఖరీదు కడతాడు. పీఎస్ 951లో కంపెనీ మోసిన బాధ్యత పీఎస్ 307 దగ్గరికి వచ్చేసరికి మిల్లు యజమాని భుజం మీదికి మారుతుంది. ఆ బాధ్యత మోయడం నేర్చుకోవచ్చు. నేర్చుకుందామన్నా దారి లేని స్థితి మొదటిదానిలో ఉంది. రెండోదానివైపు నా మొగ్గుకు కారణం ఇదొక్కటే.

సీలు విప్పనిదా, విప్పి బాగుచేసినదా?

మొదటి తెగ సప్లై పాడైతే రెండే దారులు మిగులుతాయి. అదే మోడల్ పాతది ఎక్కడో సంపాదించడం, లేదా మనదాన్నే బాగుచేయడం. ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టవలసిందే. ఎందుకంటే బజారు వీటికి కట్టిన మర్యాదలు నాకు తలకిందులుగా కనిపిస్తాయి.

అట్టపెట్టె విప్పని పాత సరుకుకు బజారులో ఎక్కడలేని గౌరవం. అది రావడానికి చాలా దారులున్నాయి. ఎక్కడో మూతపడిన ఫ్యాక్టరీ స్టోర్సులోంచి రావచ్చు. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో విడదీసిన ఓడల కంట్రోల్ గదుల్లోంచి భావ్‌నగర్ వ్యాపారుల చేతికి చేరి, అక్కణ్ణించి దేశమంతా తిరగొచ్చు. ఈ అవసరం పేదవాడిదే అనుకోవద్దు. 2002లో నాసా తన స్పేస్ షటిల్ బూస్టర్లను పరీక్షించే పాత పరికరాల కోసం ఇంటెల్ 8086 చిప్పులను ఈబేలో వెతుకుతోందని న్యూయార్క్ టైమ్స్ రాసింది.

అయితే 8086 చిప్పుకు వర్తించింది పవర్ సప్లైకి వర్తించదు. చిప్పు అల్మరాలో ఇరవై ఏళ్ళున్నా సాధారణంగా చిప్పులాగే ఉంటుంది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వాడకపోయినా ముసలిదవుతుంది. లోపలి అల్యూమినియం రేకు మీదుండే పలచని ఆక్సైడ్ పొరే దాని ఇన్సులేషన్. ఏళ్ళ తరబడి ఓల్టేజీ తగలకపోతే ఆ పొర బలహీనపడుతుంది. అలాంటిదానికి ఒక్కసారిగా 230 ఏసీ ఇస్తే, లోపల 325 డీసీ దాకా లేచి, కెపాసిటర్ వేడెక్కి పగలొచ్చు. విడిగా తీసి, రెసిస్టర్ మీదుగా ఓల్టేజీని మెల్లగా పెంచుతూ పొరను మళ్ళీ కట్టించాలి. లేదా కొత్త కెపాసిటర్ వేయాలి. ఏది చేసినా, ఎక్కువ డబ్బు పోసి కొన్న ఆ సీలు మొదట విప్పవలసిందే.

కాబట్టి సీలుకన్నా నమ్మదగినది తేదీ. చాలా చిప్పుల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం. 9846 అంటే 1998లో నలభై ఆరో వారం. ఫొటోలో ఆ అంకెలు చూపించని వ్యాపారి దగ్గర బేరం మొదలుపెట్టకపోవడం మంచిది.

ఇక బాగుచేసిన సప్లై. ఇది లోకల్ పని అంటూ ఒక మెట్టు తగ్గించి చూస్తారు. అసలు చావు ఎక్కడ మొదలవుతుందో చూస్తే ఆ చిన్నచూపు నిలవదు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల ఆయుష్షు అని రాసి ఉన్న కెపాసిటర్‌కు వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది మోటు లెక్క. దాళ్వా ఎండల్లో, ఉప్పుడు బియ్యపు ఆవిరి పక్కన, తవుడు ధూళి జిడ్డుగా పేరుకున్న పెట్టెలో లోపలి వేడి 65 డిగ్రీలుంటే వచ్చేది 32,000 గంటలు. ఆపకుండా నడిపితే నాలుగేళ్ళు కూడా కాదు. ఫ్యాను శుభ్రం చేసి ప్యానెల్‌కు గాలి ఆడనిచ్చి పది డిగ్రీలు తగ్గించగలిగితే అదే పెట్టె ఏడేళ్ళు దాటుతుంది. ఏ బజారులోనూ దొరకని ఆయుష్షు అది.

సీజను ముందు లేవని మిషన్ల కథ చాలాసార్లు ఒక్క చిన్న కెపాసిటర్‌ది. యూసీ3842 తరహా చిప్పుతో నడిచే సప్లైల్లో ఆ చిప్పు మేలుకోవడానికి సుమారు 16 ఓల్టులు కావాలి. పెద్ద రెసిస్టర్ గుండా చుక్కచుక్కగా వచ్చే కరెంటును ఓ చిన్న కెపాసిటర్ పోగుచేసి ఆ 16 ఓల్టులు అందిస్తుంది. ఒకసారి లేచాక ట్రాన్స్‌ఫార్మర్‌లోని వేరే చుట్టు చిప్పును పోషిస్తుంది. కాబట్టి ఆ కెపాసిటర్ ఎండిపోయినా నడుస్తున్న మిషను నడుస్తూనే ఉండొచ్చు. ఆపితే మాత్రం మళ్ళీ లేవదు. దాళ్వా చివర ఆపిన మిషను సార్వాలో మొరాయించడానికి కారణం ఇదైతే, వైద్యం కొన్ని రూపాయల భాగం. దాని కోసం రిచీ స్ట్రీట్ దాకా వెళ్ళడం రోగం తెలీకుండా మందు కొనడమే.

బాగుచేసిన పనికీ పరీక్ష ఉండాలి. దీపం వెలిగితే బాగైపోయిందనుకునే మెకానిక్కు సీలు చూసి కొనేవాడికంటే ఏమీ మెరుగు కాదు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు మీదుగా ఇవ్వాలి. తర్వాత లోడు పెట్టాలి. 24 ఓల్టులకైతే లారీ హెడ్‌లైటు బల్బులు చాలు. 70 వాట్ల బల్బు ఒక్కోటి దాదాపు మూడు ఆంపియర్లు లాగుతుంది. మూడు బల్బులు పెడితే పది ఆంపియర్ల సప్లైకి తగిన పరీక్ష అవుతుంది. చల్లటి ఫిలమెంటు మొదటి క్షణంలో చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి ఒకటొకటిగా కలపాలి. గంటసేపు అలా వెలిగించి, వేడెక్కాక కూడా ఓల్టేజీ నిలిచిందా అని మీటర్లో చూసి, పూర్తిగా ఆపి, కాసేపాగి మళ్ళీ లేస్తుందో లేదో చూడాలి. ఈ చివరి అంకాన్నే చాలామంది వదిలేస్తారు. మిల్లుకు కావలసింది మాత్రం అదే.

అందువల్ల నా తూకంలో వేడి మీద, లోడు మీద పరీక్షించి బాగుచేసిన సప్లైయే పైన ఉంటుంది. తేదీ తెలియని సీలు సరుకు కింద ఉంటుంది. ఒక్కచోట ఈ తీర్పు మారాలి. బాయిలర్ భద్రతకు సంబంధించిన ప్యానెల్లో, మనిషి ప్రాణానికి అడ్డుగా ఉండే ఇంటర్‌లాక్‌లో ఊహతో పెట్టిన బదులు భాగానికి చోటివ్వకూడదు. అక్కడ కంపెనీ గానీ, రాతపూర్వకంగా బాధ్యత తీసుకునే సంస్థ గానీ చేసిన పనే చెల్లాలి.

పెద్ద ఫ్యాక్టరీ, చిన్న మిల్లు

రాజమండ్రి పేపరు మిల్లు, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీల లాంటి ఏడాదంతా నడిచే పరిశ్రమలకూ, మండపేట రైసు మిల్లుకూ ఈ విషయంలో పెద్ద తేడా ఉంది. ఆగిన ప్రతి గంటా నష్టమే కాబట్టి పెద్ద ఫ్యాక్టరీ, కంట్రోలర్ కంపెనీలు చేసే ప్రకటనలను ముందునుంచీ కనిపెడుతుంది. ఎస్7-300 కుటుంబాన్ని 2023 అక్టోబరు నుంచి మామూలు అమ్మకం నుంచి తప్పించి, 2033 దాకా విడిభాగాలు మాత్రమే ఇస్తామని సైమెన్స్ ప్రకటించింది. పెద్ద ఫ్యాక్టరీకి ఆ పదేళ్ళు ప్రణాళిక వేసుకునే కాలం. అక్కడ కూడా ముందు పట్టించుకోవలసింది సీపీయూనూ, కార్డులనూ. వాటికి బయట బదులు లేదు. పీఎస్ 307 చివర రావలసిన పేరు. డిజైను తెరిచి ఉండడం వల్ల కలిగే లాభం ఎంతవరకో, ఎక్కడ ఆగుతుందో ఈ వరస చెబుతుంది.

చిన్న మిల్లు ఆ ప్రకటనలు చదవదు. స్టోర్సులో స్పేర్ల మీద డబ్బు పడుకోబెట్టనూ లేదు. కానీ పెద్ద ఫ్యాక్టరీకి లేని వరం ఒకటి దానికి పంట ఇచ్చింది: రెండు సీజన్ల మధ్య ఖాళీ. ఆ ఖాళీని మిల్లులు రోలర్లకూ, బేరింగులకూ వాడుకుంటున్నాయి, ప్యానెల్‌కు వాడుకోవడం లేదు. లారీలు రావడానికి నెల ముందు ప్రతి మిషనునూ ఒకసారి లేపి, ఓ పూట నడిపి, ఆపి, మర్నాడు మళ్ళీ లేపి చూస్తే సీజను మొదటి రోజు బయటపడే జబ్బుల్లో చాలావరకు అప్పుడే బయటపడతాయి. అప్పుడు రాజమండ్రి నుంచి తెప్పించుకోవడానికీ, బాగుచేయించుకోవడానికీ వ్యవధి ఉంటుంది. బేరంలో కూడా తొందర పడవలసిన పని లేదు.

ఇక కొత్త మిషను కొనే రోజు. ఇప్పుడు బేరమంతా గంటకు ఎన్ని టన్నులు, ధర ఎంత, వారంటీ ఎన్నేళ్ళు అన్న మూడు మాటల మీదే నడుస్తోంది. వీటికి నాలుగోది చేర్చాలి: ఈ మిషనులో పవర్ సప్లైలు ఎన్ని, ఒక్కోటి ఏ ఓల్టేజీ, ఎన్ని ఆంపియర్లు, అవి విడి పెట్టెలా, మిషను కోసం గీసిన బోర్డులా? అమ్మేవాడు జవాబును కాగితం మీద రాసిస్తే మంచిదే. చెప్పలేకపోయినా, చెప్పకపోయినా అదీ జవాబే. అప్పుడు ధరలో ఆ బోర్డు ఒకటి అదనంగా కలిపి ఇమ్మనాలి. వారంటీ రెండేళ్ళకో మూడేళ్ళకో అయిపోతుంది. మిషను పదిహేనేళ్ళు నడవాలి. మధ్యలో ఉన్న ఆ పన్నెండు, పదమూడేళ్ళనూ కోఠీకీ, రిచీ స్ట్రీట్‌కూ వదిలేయకుండా కొన్న రోజునే కాగితం మీద పెట్టించుకోవడం మిల్లు యజమాని చేతిలో పని.